ముట్టని ముద్ద

కిందటి వారం మనం ఆగినప్పుడు కిడేగా కుడికాలు గాలిలో ఉంది. కాలి కింద పచ్చి కోడిగుడ్డు, దానికి ఒక పక్క జారుడు బెరడున్న పొబో కొమ్మ, ఇంకో పక్క గాదె మూత ఎత్తిపెట్టే కర్ర. వాకిట్లో పాగెరా వంశం మొత్తం ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. అడవిలో తిరుగుబాటుదార్ల మధ్య పుట్టి, తండ్రి వంశం ఏదో తెలియకుండా పెరిగిన కుర్రాడు ఆ గుడ్డు తొక్కితే ఒలాన్యా కొడుకుగా ఇంట్లోకి వస్తాడు. తొక్కకపోతే వచ్చిన మోటార్‌సైకిల్ మీదే గులూ పట్నం వెళ్ళిపోతాడు. అతని వెనక నిలబడ్డ తల్లి అచీరో మాత్రం గుడ్డు వైపు చూడటం లేదు. వంట గుడిసె కప్పులోంచి లేస్తున్న పొగ వైపు చూస్తోంది.

గుడ్డు చిట్లింది.

ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ ఒక్కసారిగా కూత పెట్టారు. వాకిట్లోని చింతచెట్టు మీద పిట్టలు లేచిపోయాయి. ఒలాన్యా తల్లి, ముసలి యునియా, కుండెడు నీళ్ళు గుడిసె కప్పు మీదికి చిమ్మింది. చూరు నుంచి కారుతున్న నీళ్ళ కిందుగా మనవడు వంగి లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చాడు. తల తడిసింది, మొహం నవ్వుతోంది. కొడుకు అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో అచీరోకి గుర్తు రాలేదు.

"వచ్చాడమ్మా మా అన్న!" అని లలామ్ చప్పట్లు కొట్టింది. ఒలాన్యాకి ఒక్కతే చెల్లెలు, నోరు ఊరంత. "ఆ నడక చూడండి. పొగరు కూడా అచ్చంగా దించేశాడు."

"పొగరు కాదత్తా. కాలికి సొన అంటుకుంది. జారి పడకుండా నడుస్తున్నా," అన్నాడు కిడేగా.

అందరూ నవ్వారు. వంశానికి పెద్ద ఓదోకి కూడా నవ్వాడు. తిరుగుబాటు దళం నడిపి చనిపోయిన ఒలాన్యాకి బాబాయి ఆయన. పొడుగ్గా, ఎండిన వెదురులా ఉంటాడు. చేతికర్రతో నేల మీద కొట్టి అందర్నీ ఊరుకోబెట్టాడు.

"వినండి. ఇప్పుడు భోజనాలు. తరవాత కుర్రాణ్ణి దిగువ పొలానికి తీసుకెళ్తాను. వాళ్ళ నాన్న వాటా చెక్క చూపిస్తాను. సరిహద్దు మొక్క తన చేత్తోనే నాటుతాడు. అది నాటాక ఎవడైనా వచ్చి వీడెవడి కొడుకు అని అడిగితే, నా దగ్గరికి పంపండి."

సరిగ్గా ఆ ప్రశ్నే కిడేగాని ఇక్కడికి తరిమింది. అతను చేసుకోవాలనుకున్న పిల్ల మేనమామలు చాప వేసి కూర్చోబెట్టి మర్యాదగానే అడిగారు: బాబూ, నువ్వెవరి కొడుకువి, రేపు మా పిల్ల పోతే ఎవరి నేలలో పెడతారు, ఎవరి పొలం దున్నుకుంటారు? సమాధానం లేక తిరిగొచ్చాడు. అచీరో రెండో పెళ్ళి చేసుకున్న ఇంట్లో అతనికి గింజ నాటే చోటు లేదు. అక్కడ అతని పేరు 'అడవి కుర్రాడు'.

ఇవాళ్టితో ఆ పేరు పోతుంది. మొక్క నాటితే చాలు. అంతవరకు అచీరో నోరు తెరవకుండా ఉండాలి, నోట్లో ఏమీ పెట్టకుండానూ ఉండాలి.

ఎందుకంటే ఈ వంశం మనిషి ఒకడు ఆమె చేతిలో చచ్చిపోయాడు.

*

యుద్ధం ఆగి చాలా కాలమైంది. ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టి, చేతిలో ఒక పరుపూ ఒక గడ్డపారా పెట్టి, అడవిలోంచి బయటపడ్డ ఆమెని ఇంటికి పంపించింది. ఊళ్ళు ఖాళీ చేయించి పెట్టిన శిబిరాల్లో ఉన్న రోజుల్లో అందరూ లారీలో వచ్చిన మొక్కజొన్న పిండే తిన్నారు. ఎవరు ఎవరితో తినకూడదో అడిగే ఓపిక అప్పుడు ఎవరికీ లేదు. శిబిరాలు ఖాళీ అయ్యాయి, జనం సొంత పొయ్యిలు వెలిగించుకున్నారు. పాత కట్టుబాట్లన్నీ ఆ పొయ్యిల దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నాయి.

ఒక వంశం మనిషి ఇంకో వంశం మనిషిని చంపితే, రెండు వంశాలూ ఎదురెదురుగా కూర్చుని జరిగింది చెప్పుకోవాలి. ఒకే సొరకాయ బుర్రలోంచి ఒపుత్ చెట్టు వేరు చేదు రసం తాగాలి. అప్పటిదాకా ఒకరి చేతి కూడు ఇంకొకరు ముట్టకూడదు. ముడితే తిన్నవాళ్ళకేమీ కాదు. వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళు పోతారు. గులూలో అచీరో కుట్టుమిషన్ పెట్టుకున్న సందులోనే ఒకావిడ తెలియక అలా నెత్తుటి బాకీ ఉన్నవాళ్ళింట్లో చావు భోజనం తిని, ఆ ఏడాదే కవల పిల్లల్ని మట్టిలో పెట్టింది. ఆసుపత్రిలో మలేరియా అన్నారు. సందులో ఎవరూ వాదించలేదు, ఎవరూ నమ్మనూ లేదు.

అందుకే ఆమె ఒక ఉపాయం వేసుకుని వచ్చింది. మధ్యాహ్నం దాటాక చేరుకోవాలి, గుడ్డు తొక్కే తంతు చూడాలి, వాన వచ్చేలా ఉందని చెప్పి బయల్దేరాలి. వట్టి చేతులతో రాకుండా తన ఇంటి నుంచి మలక్వాంగ్ పుల్లకూర, నువ్వుల ముద్ద వేసి ఉడికించి, కుండతో తెచ్చింది. వాళ్ళకి పెడితే తను తినలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోరనుకుంది. ఆ కుండలో ఉన్నది తన చేతి వంటేనన్నది దారిలో సగం వచ్చాక తట్టింది. అప్పటికి మోటార్‌సైకిల్ మీద కొడుకు వీపుకీ తన పొట్టకీ మధ్య ఆ కుండ వెచ్చగా ఉంది.

పారబోద్దామనుకుంది. "అమ్మా, గట్టిగా పట్టుకో, నాయనమ్మకి తీసుకెళ్తున్నాం," అన్నాడు కొడుకు. పారబోయలేకపోయింది.

*

ఆడవాళ్ళకి యునియా గుడిసెలో వడ్డించారు. మగవాళ్ళు బయట చింతచెట్టు కింద. లోపల చల్లగా ఉంది, కొత్తగా అలికిన నేల వాసన వేస్తోంది. నల్లటి జొన్న సంగటి తాబేటి వీపులా తట్టలో బోర్లించి ఉంది. మేకమాంసం పులుసు, అలసంద ఆకు కూర. చేతులు కడుక్కునే నీళ్ళు ముందు అచీరోకే ఇచ్చారు.

"కడుపులో బాగోలేదు, అమ్మా," అంది అచీరో చేతులు తడుపుకుంటూనే. యునియాని అత్తమ్మా అని పిలవడానికి ఆమెకి నోరు రాలేదు. ఓలి ఇచ్చి తెచ్చుకున్న కోడలు కాదు తను. తుపాకీ చూపించి లాక్కెళ్ళిన పిల్ల.

"కడుపు నొప్పా? అలాంటప్పుడే సంగటి తినాలి," అంది లలామ్. "మా అమ్మ చేతి సంగటి తింటే కడుపులో పాములు కూడా నిద్రపోతాయి."

"అది కాదు లలామ్. మా చర్చిలో ఉపవాసం. ఇవాళ సాయంత్రం దాకా."

లలామ్ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏ చర్చి వదినా అది? పొద్దున దారిలో చపాతీలో గుడ్డు చుట్టించుకుని లాగించావని నీ కొడుకే చెప్పాడే! రెండోది కూడా అడిగావట, వాడు ఇప్పించలేదట."

"వాడికి నోరు ఆగదు."

"మా వంశం కదా మరి!"

ఇద్దరూ నవ్వారు. అచీరో నవ్వు సగంలో ఎండిపోయింది. యునియా నవ్వలేదు. ఆవిడ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, గరిటెతో పులుసు తిప్పుతూ అచీరో చేతుల వైపే చూస్తోంది. చూపు మసకేసిన కళ్ళు. కాని ఎటు తిరగాలో ఆ కళ్ళకి తెలుసు.

"మీది లమోలా వంశమట కదా," అంది ముసలావిడ. "మీ నాన్న ఏం చేసేవాడు?"

"సైకిళ్ళు బాగు చేసేవాడు. నన్ను ఎత్తుకెళ్ళాక వెతుక్కుంటూ బయల్దేరాడట. తిరిగి రాలేదు. ఏ వైపు వెళ్ళాడో కూడా మావాళ్ళకి తెలియదు. శవం లేకుండానే దినం చేశారు."

గరిటె ఆగింది. ఒక్క క్షణం. మళ్ళీ తిరిగింది.

మలక్వాంగ్ కుండ బయటికి తీసుకెళ్ళిన లలామ్ సగం కుండతో లోపలికి వచ్చింది. "కుర్రాళ్ళు నాకేశారు వదినా. బాబాయ్ మాత్రం ముట్టలేదు. పులుపు పడదట. పళ్ళు జివ్వుమంటాయట. ఆ నోట్లో ఉన్నవే మూడు పళ్ళు, వాటికి మళ్ళీ వేషాలు."

అచీరో తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూసింది. కిడేగా తన ఈడు కుర్రాళ్ళ మధ్య చాప మీద కూర్చుని, ఒకే తట్టలోంచి తింటున్నాడు. ఎవడో వాడి వీపు మీద చరిచాడు. వాడు ఈ వంశం రక్తం, వాడు తినొచ్చు. తనే తినకూడదు. ఆ కుర్రాళ్ళు తన కుండలోది తిన్నారే, రేపు వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళకేమవుతుందో!

"తిను వదినా! ఇందాకట్నుంచి గోడల్ని చూస్తున్నావు. మా గోడలు మరీ అంత బాగున్నాయా?"

ఇంకో సాకు దొరకలేదు. అచీరో సంగటి తుంచింది. అరచేతిలో గుండ్రంగా చేసింది. బొటనవేలితో గుంట నొక్కింది. పులుసులో ముంచింది. లలామ్ మాంసం ముక్క వెతుక్కోవడానికి వంగిన క్షణంలో ఆ ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి, చెయ్యి కిందికి జార్చి, మోకాలి పక్కన పరికిణీ మడతలోకి తోసేసింది. నోరు మాత్రం నములుతూనే ఉంది.

ఒకటి. రెండోది కూడా అలాగే పోయింది. ఇలా అయితే గట్టెక్కుతానని అనిపించింది. మూడో ముద్దకి వీపు మీద చెమట కూడా ఆరింది.

అప్పుడు కోడి వచ్చింది.

ఎర్ర పెట్ట. గుమ్మం దాటి, పీట కింద నుంచి దూరి, తిన్నగా అచీరో మోకాలి దగ్గరికి వచ్చి పరికిణీ మడతలో ముక్కు పెట్టింది. ఆమె మోచేత్తో నెట్టింది. అది రెక్కలు కొట్టుకుంటూ అరిచి, పులుసు కారుతున్న ముద్దని పొడుచుకుని గుడిసె మధ్యలోకి ఈడ్చింది. వెనకే రెండో ముద్ద కూడా దొర్లింది.

లలామ్ పగలబడి నవ్వింది. "అయ్యో వదినా! మా కోడిని మేపడానికా గులూ నుంచి వచ్చావు? సంగటి అంత బాగోలేదంటే చెప్పొచ్చుగా, నేనేమీ అనుకోను, వండింది మా అమ్మ..."

నవ్వు దానంతటదే ఆగిపోయింది. లలామ్ తల్లి మొహం చూసింది. తరవాత అచీరో మొహం చూసింది. ఈ నేల మీద పుట్టిన ఎవరికీ ఆ ముద్దల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

"లలామ్," అంది యునియా నెమ్మదిగా. "బయటికెళ్ళు. కోడిని కూడా తీసుకెళ్ళు. తలుపు దగ్గరగా వెయ్యి."

"అమ్మా..."

"వెళ్ళమన్నాను."

*

తలుపు మూసుకుంది. చూరు సందుల్లోంచి వెలుతురు చారలుగా పడుతోంది. బయట ఎక్కడో ఉరిమింది. అచీరో లేచి పారిపోదామనుకుంది. మోటార్‌సైకిల్ తాళం కొడుకు జేబులో ఉంది. కొడుకు చింతచెట్టు కింద జీవితంలో మొదటిసారి తన వాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు.

"మా వాళ్ళలో ఎవరు?" అని అడిగింది యునియా.

అచీరో పరికిణీకి అంటిన పులుసు తుడుచుకుంది.

"ఈ ఊరి మీద దాడికి వచ్చినవాళ్ళలో ఉన్నావా? నా మరిది కూతుళ్ళా? బావి దగ్గర పోయిన పిల్లలా? చెప్పు అమ్మాయ్. నిన్ను బలవంతంగా చేయించారని నాకు తెలుసు. పిల్లల చేత పిల్లల్ని కొట్టించారు. పేరు చెప్పు చాలు."

"ఈ ఊరు నేను ఇవాళే చూస్తున్నానమ్మా."

"మరి?"

అచీరో నేల వైపు చూస్తూ చెప్పింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట, చెప్పేసరికి చాలా చిన్నగా ఉంది.

"నీ కొడుకు."

యునియా చేతిలోని గరిటె కుండ అంచుకి ఆనించి పెట్టింది. శబ్దం రాకుండా పెట్టింది.

"నా కొడుకుని హెలికాప్టర్ కొట్టింది. రేడియోలో చెప్పారు."

"కొట్టింది. తొడలో. అచ్వా ఏటి ఒడ్డున. మిగతావాళ్ళు ఏరు దాటి పారిపోయారు. ఆయనా, నేనూ, పిల్లాడూ మిగిలాం. వీడు అప్పుడు నా నడుమెత్తు కూడా లేడు." అచీరో గొంతు తడారింది. ఎదురుగా నీళ్ళ కుండ ఉంది. ముట్టలేదు. "ఆయన అన్నాడు, నువ్వు పోతే పో, పిల్లాడు నావాడు, వాడు తుపాకీ మోస్తాడు, మనవాళ్ళు వెనక్కి వచ్చేదాకా నా దగ్గరుంటాడు అని. పిల్లాడి కాలు పట్టుకున్నాడు. వదల్లేదు. పిల్లాడు ఏడుస్తున్నాడు. పక్కన ఏటి రాయి ఉంది."

మళ్ళీ ఉరిమింది.

"నీళ్ళు అడిగాడా?" అంది యునియా.

"అడిగాడు."

"ఇచ్చావా?"

"ఇచ్చాను. ముందు నీళ్ళే ఇచ్చాను. దోసిలితో."

ముసలావిడ ఏడవలేదు. తన రెండు చేతులూ దోసిలిలా పట్టి వాటి వైపు చూసుకుంది. ఆ చేతుల్లోనే చిన్నప్పుడు వాడికి నీళ్ళు పట్టి ఉంటుంది. అచీరో ఆ చేతుల్ని చూడలేక తల తిప్పుకుంది. కొట్టినా, తిట్టినా బాగుండేది. అరిచి వంశాన్నంతా పిలిచినా బాగుండేది.

"కిడేగాకి తెలుసా?"

"తెలీదు. తెలిస్తే నా మొహం చూస్తాడా? అమ్మా, నన్ను ఏమైనా చెయ్యండి. వాడు మొక్క నాటేదాకా ఆగండి. వాడి తప్పేమీ లేదు. వాడికి ఈ నేల కావాలి. నాటాక నేనే అందరి ముందూ చెప్తాను. చేదు రసం తాగుతాను. మావాళ్ళు పరిహారం పశువులు తెస్తారు. తేలేకపోతే నేను కుట్టుకుని కడతాను."

"తాగడానికి నువ్వొక్కదానివీ కూర్చుంటే సరిపోదు," అంది యునియా.

ఆ మాటలోని ఏదో అచీరోని తలెత్తేలా చేసింది. ముసలావిడ ముందు ఆకులో సంగటి ముద్ద ఉంది. వడ్డించినప్పుడే చేసిన ముద్ద. గుండ్రంగా, బొటనవేలి గుంటతో. పైన పులుసు ఎండి తెట్టు కట్టింది. ఒక్క కొరుకు కూడా లేదు. దాని పక్కన అచీరో తెచ్చిన మలక్వాంగ్, వడ్డించినది వడ్డించినట్టే ఉంది.

అందరికీ వడ్డిస్తూ, అందర్నీ తినమంటూ, యునియా కూడా నోట్లో ఏమీ పెట్టలేదు.

అచీరో తన పాపం మోసుకుంటూ వచ్చింది కాబట్టి ఇంతసేపూ తన చేతినే చూసుకుంది. ఎదుటి చేయి చూడలేదు.

"నువ్వెందుకు తినలేదు, అమ్మా?"

యునియా తలుపు వైపు తల తిప్పింది. అచీరో చూపు తలుపు సందులోంచి బయటికి పోయింది. చాప మీద కుర్రాళ్ళు లేచి, మొక్కా గడ్డపారా పట్టుకుని దిగువకి వెళ్ళడానికి సిద్ధమవుతున్నారు. చెట్టు మొదట్లో ఓదోకి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పులుపు పడదన్న పెద్దమనిషి చింతకాయ చీల్చుకుని, గుజ్జు వేలితో తీసి చప్పరిస్తున్నాడు. కళ్ళు మాత్రం ఈ గుడిసె తలుపు మీదే ఉన్నాయి.

అంటే ఆయన కూడా తన చేతి కూడు ముట్టడానికి భయపడ్డాడు.

"మీ నాన్న," అంది యునియా. "ఎడమ చెవి తమ్మె చిరిగి ఉండేది కదా?"

కుక్క కరిచిన చెవి అది. చిన్నప్పుడు ఆ చీలికలో వేలు పెట్టి ఆడుకునేది అచీరో. ఆ సంగతి కిడేగాకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. టైర్లో గాలి లేదు. ఆ టైర్లు బాగుచేసే మనిషే, అయినా గాలి కొట్టుకునే తీరిక కూడా లేకుండా వచ్చాడు. నిన్ను తీసుకెళ్ళింది నా కొడుకు దళమని ఎవరో చెప్పారట. నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. 'అమ్మా, నీ కొడుక్కి ఒక్క కబురు పంపు, నా పిల్లని వదిలెయ్యమను, కావాలంటే నన్ను తీసుకోమను' అన్నాడు. నేను సంగటి పెట్టాను. తిన్నాడు. కడుపునిండా తిన్నాడు అమ్మాయ్, బాగుందన్నాడు కూడా. నేను తట్ట కడగడానికి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి..."

తలుపు తెరుచుకుంది. చప్పుడు లేకుండా, తోసినట్టు కాదు, సొంత ఇంట్లోకి వచ్చినట్టు.

"వదినా," అన్నాడు ఓదోకి.

లోపలికి వచ్చి వెనక తలుపు మూశాడు. వేలికి అంటిన చింతపండు గుజ్జు తలుపుకి తుడుచుకున్నాడు. నేల మీద కోడి వదిలేసిన సంగటి తునకలు చూశాడు. యునియా ఆకులోని ముద్ద చూశాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఆ రోజుల్లో నువ్వు ఇక్కడ లేవు," అన్నాడు అచీరోతో. గొంతులో కోపం లేదు, అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. "తిరుగుబాటు నాయకుడి ఇంటికి ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి కబుర్లు పంపమంటే, సైనికులు ఏమనుకునేవాళ్ళు? ఊళ్ళో ఒక్క కప్పు మిగిలేది కాదు. వెళ్ళిపొమ్మని చెప్పాను. వెళ్ళలేదు. ఇక్కడే ఉంటాను, పిల్ల వచ్చేదాకా కదలనన్నాడు. మొండి మనిషి."

"ఎక్కడ పెట్టావు మా నాన్నని?"

ఓదోకి పీట లాక్కుని కూర్చున్నాడు. చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

"అదంతా ఎందుకమ్మా ఇప్పుడు? దిగువన నీ కొడుకు గొయ్యి తవ్వుతున్నాడు, మొక్క పెట్టడానికి. ఎంత సంతోషంగా తవ్వుతున్నాడో వెళ్ళి చూడు. వాడు మట్టి కప్పాడంటే మావాడు. రేపు పెళ్ళి మాట్లాడటానికి ముందు నేనే వెళ్తాను. నీ మాట నీ కడుపులో ఉంచుకో. మా మాట మా కడుపులో ఉంటుంది. ఇరవయ్యేళ్ళు ఉంది, ఇంకా ఉంటుంది."

వంగి తట్టలోంచి సంగటి తుంచాడు. పెద్ద చేతుల్తో రెండు ముద్దలు చేశాడు. ఒకటి యునియా ముందు పెట్టాడు. ఒకటి అచీరో ముందు.

"తినండి ఇద్దరూ. నేను చూస్తుండగా. తింటే ఇక్కడితో అయిపోయినట్టే."

"నువ్వు తింటావా?" అంది యునియా మరిదితో. "ఈ పిల్ల కుండలోది ఉంది చూడు, నువ్వు తిను ముందు. నీ మనవళ్ళు బయటే ఉన్నారు."

ఓదోకి దవడ కదిలింది. చెయ్యి కుండ వైపు పోలేదు.

అచీరో ముద్ద వైపు చూసింది. ఇది మింగితే కొడుక్కి నేల దొరుకుతుంది, పిల్ల దొరుకుతుంది, అడవి కుర్రాడన్న పేరు పోతుంది. ఏదో ఒక వానాకాలం వాడికి జ్వరం వస్తుంది. డాక్టర్లు మలేరియా అంటారు. తనకి మాత్రం తెలుస్తుంది. జ్వరం రాకపోయినా, వచ్చేదాకా ప్రతి రాత్రీ కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ బతకాలి. పైగా వాడు ఈ క్షణాన తవ్వుతున్న నేలలో...

ఆమె ఓదోకి వైపు చూసింది. ఇన్ని పొలాలు ఉండగా పోయిన వారం నుంచీ దిగువ చెక్కే ఇస్తానని ఎందుకు పట్టుబట్టాడో, ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరూ ఎందుకు దున్నలేదో అప్పుడు అడగాలనిపించింది. అడగలేదు. ఆయన ఆమె చూపు నుంచి కళ్ళు తిప్పుకున్నాడు. అది చాలు. కొడుకు సరిహద్దు మొక్క నిలబడ్డ నేలని ఏ తల్లీ తవ్వించదని ఆయన లెక్క.

అచీరో లేచింది. ఓదోకి చేతికర్ర అడ్డం పెట్టాడు. యునియా ఆ కర్రని రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని, ఎండుకట్టెలాంటి ఆ ఒంట్లోని బలమంతా పెట్టి కిందికి నొక్కింది.

"పిలువు కోడలా," అంది. మొదటిసారి ఆ మాట అంది. "నేను కూడా చెప్పాలి వాడికి."

అచీరో తలుపు తోసింది. వాన గాలి మొహానికి కొట్టింది. దిగువన పొలంలో కుర్రాళ్ళు గుంపుగా ఉన్నారు. మధ్యలో కిడేగా గడ్డపార ఎత్తి, బలం కొద్దీ దింపుతున్నాడు.

"కిడేగా!" అని అరిచింది. "ఆపు! తవ్వొద్దు!"

గాలికి మాట సగమే చేరినట్టుంది. అతను చెయ్యి ఊపాడు. గడ్డపార ఇంకోసారి ఎత్తాడు. దింపాడు.

ఈసారి చప్పుడు వేరుగా వచ్చింది. మట్టిలో ఇనుము దిగిన చప్పుడు కాదు, ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు. కిడేగా వంగి, గొయ్యిలో చెయ్యి పెట్టి, తుప్పుపట్టిన సైకిల్ చక్రం సగం బయటికి లాగాడు.

దాని ఊచల్లో చిక్కుకున్న ఎముకలు చూసి, నిటారుగా నిలబడి, గుడిసె గుమ్మంలో ఉన్న తల్లి వైపు చూశాడు.

"అమ్మా," అని కేకేశాడు, "ఇక్కడ ఎవరో ఉన్నారు."